బోర్లించని కడవ

మొన్న ఆదివారం మా వదిన వాళ్ల ఊరు కోట నుంచి వచ్చింది. వదిన అంటే మా ఆయనకి అక్క, ఆయన్ని చంకనెత్తుకుని పెంచిన మనిషి. బస్సు దిగి ఇంటికి రాకుండా నేరుగా సమాధుల దొడ్డికి పోయి, తమ్ముడి తలాపున ఉన్న గంగరావి చెట్టును చూసుకుని, ఆ తర్వాతే నా గుమ్మం తొక్కింది. కిందటేడు బాత్రూములో జారిపడినప్పటి నుంచి ఆమెకి కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. జుట్టు సరిగా దువ్వుకోలేక ఏదో ఒక క్లిప్పుతో బిగించుకుని తిరుగుతుంది. బస్సు గాలికి ఆ క్లిప్పు కూడా జారి ఒక పక్కకి వేలాడుతోంది. చెప్పులైనా విడవకముందే అడిగింది.

"ఏమ్మే, ఇంకా నీళ్లు పోస్తానే ఉండావా?"

"పోస్తానే ఉండా. ఏం?"

"రెండు ఎండాకాలాలు దాటిపోయినాయి గదా. చెట్టు నాకంటే ఎత్తు పెరిగుండాది. కడవ బోర్లించవా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకేంది వదినా అంత తొందర? పోసేదాన్ని నేను, నొప్పి నీకా?" అనేశాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. ఆమె పమిట చెంగుతో మొహం తుడుచుకుని అరుగు మీద కూర్చుని, "ముందు గుక్కెడు మంచినీళ్లియ్యి మే" అంది.

నీళ్లు ముంచడానికి లోపలికి పోయినదాన్ని కుండ దగ్గరే నిలబడిపోయాను. రెండు ఎండాకాలాలు దాటిపోయినాయి అనే మాట ఈ ఊళ్లోనే ఇంతకుముందు ఒకసారి విన్నాను నేను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. ఆ మాట అన్నది మా అవ్వ, అంటే మా నాయనకి తల్లి. పడింది మా అమ్మ.

కడవ బోర్లించడమంటే మా పాళెం వాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు, తక్కినవాళ్లకి చెప్పాలి. మాది ముత్తుకూరు అవతల సముద్రం పక్కన ఊరు. నడిస్తే ఇసక, కూర్చుంటే ఇసక, ఆఖరికి అన్నంలో కూడా ఇసక. నా చిన్నప్పుడు మావాళ్లందరికీ దాదాపు ఒకటే కూలి, సరుగుడు తోపులకి నీళ్లు పోయడం. ఇసకలో పల్లంగా తవ్విన నీటిగుంటని మేము దొరువు అంటాం. ఆడవాళ్లు తెల్లారకముందే దొరువులోకి దిగి, రెండు చేతులా రెండు కడవలు ముంచుకుని, పరుగులాంటి నడకతో మొక్కమొక్కకీ పోసుకుంటూ పోయేవాళ్లు. అలా రెండు ఎండాకాలాలు పోస్తారు. మూడో ఏడు చుక్క పొయ్యరు. అప్పటికి మొక్కకి దప్పిక పుట్టాలి. దప్పికైతేనే వేరు కిందికి దిగి అడుగున ఉన్న తడిని వెతుక్కుంటుంది. పోస్తూనే ఉంటే పైపైనే పరుచుకుని కూర్చుంటుంది. ఈ సంగతి మా ఊళ్లో చీమిడి ముక్కు పిల్లలకి కూడా తెలుసు.

పోయినవాళ్ల విషయంలోనూ మావాళ్లు ఈ పద్ధతే పెట్టుకున్నారు. మా దొడ్డిలో సమాధి కడితే ఇసక కుంగి పగులుతుంది. కొయ్య సిలువ నాటితే ఉప్పుగాలికీ చెదలకీ నిలవదు. అందుకని తలాపున చెట్టు పెట్టేవాళ్లు, మనిషికి తగ్గ చెట్టు. మంత్రసాని మరియమ్మకి వేప పెట్టారు. బతికినన్నాళ్లూ తాటితోపులోనే పడి తాగిన యాకోబు తాతకి ఆయన పెళ్లాం తాటి టెంక పాతి, "ఇంక నిన్ను వెతుక్కుంటా తిరిగే పని లేదు నాకు, ఈడనే కూచో" అంది. ఏడవడానికి వచ్చినవాళ్లంతా నవ్వాపుకోలేక చచ్చారు. పోయిన మనిషికి ఎవరు ఎక్కువ దగ్గరో వాళ్లు ఆ మొక్కకి రోజూ నీళ్లు పోయాలి. ఏడుస్తూ పోసినా తిడుతూ పోసినా అడిగేవాళ్లు లేరు. రెండు ఎండాకాలాలు గడిచాక ఒక సాయంత్రం అయినవాళ్లంతా చేరతారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఆఖరి కడవ పోసి, ఖాళీ కడవని చెట్టు మొదట్లో బోర్లించి వెనక్కి వచ్చేస్తారు. ఇక ఆ చెట్టు బతుకు దానిది, మన బతుకు మనది. ఆ తర్వాత ఏడవాలంటే ఇంట్లో ఏడుచుకోవాలి గాని, చెట్టు దగ్గర ఏడవకూడదు.

ఎవరి కడవ ఎప్పుడు బోర్లించాలో చెప్పేది మా అవ్వ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆకువక్క దవడకి పెట్టుకుంటే ఇంకో జాముదాకా అది కదిలేది కాదు, మాట మాత్రం ఆగేది కాదు. పొద్దున్నే సరుగుడు ఆకు కసువుతో పొయ్యి రాజేసేది. ఆ పొగకి ఒక తియ్యటి ఘాటు ఉంటుంది, ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. పొయ్యిలో ఎండుచేప కాలుతుండగానే అవ్వ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేది. "ప్రభువా, నిన్న అడిగిందే ఈ పొద్దూ అడగతా ఉండా, నీకు చెవుడా ఏంది?" అని నిలదీసేది. ఉప్పు పండించే కయ్యల్లో పనికి పోవడానికి గోచీ బిగించుకుంటున్న నాయన నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగేవాడు. అమ్మ సద్దన్నం పిసుకుతూ తల వంచుకుని నవ్వేది. మా అమ్మకి నవ్వితే భుజాలు కదిలేవి, చప్పుడు మాత్రం వచ్చేది కాదు.

ఆ ప్రార్థన మధ్యలో ఎక్కడో బర్రుమని ఒక బూర మోగేది. అది మా తమ్ముడు సామేలు. గంగరావి ఆకుని చుట్ట చుట్టి, ఒక కొస నొక్కి, రోజంతా ఊదుతూనే ఉండేవాడు. ఊరికే ఊదితే పర్వాలేదు గాని, సరిగ్గా ఆమెన్‌కి ముందు ఊదేవాడు. "ఈ బూర దేవుడికి వినపడతాది గాని, నా మాట వినపడదు" అని అవ్వ వాడి వీపు మీద ఒకటి వేసి, వెంటనే దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకునేది. వాడి చొక్కా జేబు నిండా ఆకులే. ఉతికేటప్పుడు అమ్మ వాటిని బయటికి తీసి, పారెయ్యకుండా గడప పక్కన పెట్టేది.

ఒక ఎండాకాలం వాడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఆ రోజుల్లో మావైపు అందరిదీ ఒకటే నమ్మకం, నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతుందని. నాయన బండి కోసం ముత్తుకూరు పోయాడు. అవ్వ వాడి తల దగ్గర కూర్చుని, "చుక్క నీళ్లియ్యబాకు మే, ఇస్తే బిడ్డ దక్కడు" అంటూనే ఉంది. వాడు అమ్మా నీళ్లు, అమ్మా నీళ్లు అని అడుగుతూనే ఉన్నాడు. అమ్మ పమిట కొస తడిపి వాడి పెదాల మీద పెడితే దాన్ని పాలు తాగినట్టు చప్పరించాడు. నేను గుంజ పట్టుకుని నిలబడి అదంతా చూశాను. బండి వచ్చేసరికి ఆ పని కూడా మానేశాడు.

సామేలుకి ఏ చెట్టు పెట్టాలో ఎవరూ అడగలేదు. గంగరావి కొమ్మే నాటారు. అది కొమ్మ నాటినా పట్టుకునే చెట్టు. అమ్మ నీళ్లు పోయడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి టీకాలెయ్యడానికి వచ్చిన నర్సమ్మ మా అరుగు మీద కూర్చుని, పిల్లాడి సంగతి విని, "అయ్యో, అట్లాంటప్పుడు నీళ్లే మందు గదమ్మా, ఉప్పూ చక్కెరా కలిపి తాగిస్తానే ఉండాల" అంది. ఆవిడ మంచికే చెప్పింది పాపం. అవ్వ దవడలోని ఆకువక్క తీసి అవతల పారేసింది. అమ్మ లేచి, కడవ తీసుకుని, ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో దొరువుకి పోయింది.

ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి కాదు, మూడు పూటలా పోసేది. తోపులో కూలికి పోసిన చేతులతోనే మళ్లీ దొడ్డికి పోయేది. అంతకుముందు అమ్మ తెల్లవారి లేవగానే నన్ను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, ఆముదం రాసి, బిగించి రెండు జడలు వేసేది. కళ్లు పైకి లాగేసేటంత బిగువు. ఇప్పుడు నేను లేచేసరికి అమ్మ ఉండేది కాదు. అవ్వ వేళ్లు వంకర్లు పోయి దువ్వెన నిలిచేది కాదు. నా తల అట్టలు కట్టింది, పేలు పడ్డాయి. బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. నాకు తమ్ముడు పోయిన దుఃఖం ఉంది. కానీ నిజం చెప్పాలంటే, అమ్మ ఉండి కూడా లేకపోవడమే నాకు ఎక్కువ దుఃఖం. దొరువు గట్టు మీద నిలబడి, ఒకసారి నావైపు చూస్తుందేమోనని కాచుకునేదాన్ని. అమ్మ కడవల వైపే చూసుకుంటూ నన్ను దాటిపోయేది.

రెండో ఎండాకాలం పోయింది. ఊరందరి కడవలూ బోర్లింపించిన మనిషి సొంత కోడలి దగ్గర నోరు విప్పలేకపోయింది. మూడో ఎండాకాలం కూడా వచ్చి సగమయ్యాక ఒక సాయంత్రం, అమ్మ చెమట తుడుచుకుంటూ గుమ్మంలోకి రాగానే, నెమ్మదిగా, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో అంది.

"రెండు ఎండాకాలాలు దాటిపోయినాయి మే."

అమ్మ కడవలు దించి అవ్వ వైపు తిరిగింది. "ఈసారి కూడా నీళ్లియ్యబాకంటావా అత్తా?"

అంతే. అవ్వ మొహం చూడలేకపోయాం. నాయన లేచి బయటికి పోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, అమ్మ పోస్తూనే ఉంది. సామేలు చెట్టు దొడ్డిలో అన్నిటికంటే పచ్చగా, అన్నిటికంటే గుబురుగా పెరిగింది. గంగరావి పువ్వు పొద్దున పసుపుగా పూసి, సాయంత్రానికి ఎర్రబడి రాలిపోతుంది. ఆ రాలిన పువ్వులన్నీ ఏరి అమ్మ ఒడిలో వేసుకుని తెచ్చేది. చూసినవాళ్లు, "ఏం పెరిగిందమ్మా, నీ బిడ్డ చెట్టు!" అనేవాళ్లు. తోపుల్లో పుట్టి పెరిగినవాళ్లు, వాళ్లకి తెలియక కాదు. అమ్మకీ తెలియక కాదు.

ఆ ఏడు వానాకాలంలో తుఫాను వచ్చింది. రాత్రంతా చర్చిలో తలదాచుకుని, తెల్లారి గాలి తగ్గాక అందరం ముందు దొడ్డికే పరిగెత్తాం. మరియమ్మ వేపకి కొమ్మలు విరిగాయి, మాను నిలిచింది. అప్పుడప్పుడే మొవ్వేస్తున్న యాకోబు తాత తాటిమొక్క దర్జాగా ఉంది. సామేలు చెట్టు ఒక్కటే వేళ్లతో సహా పక్కకి ఒరిగి పడిపోయి ఉంది. వేళ్లన్నీ చాపలా పైనే పరుచుకుని ఉన్నాయి, సరిగ్గా అమ్మ నీళ్లు పోసే చోటువరకు. ఒక్క వేరు కూడా కిందికి దిగలేదు.

అమ్మ ఏడవలేదు. తడి ఇసకలో చతికిలబడి ఆ వేళ్లని చేత్తో తడుముతూ, "దప్పిక కానియ్యలేదు అత్తా నేను వాణ్ణి. అందుకే పడిపోయినాడు" అంది.

చెప్పాను కదా అని అవ్వ అనుంటే ఏమయ్యేదో. అవ్వ ఆ మాట అనలేదు. వచ్చి అమ్మ పక్కనే కూలబడి, "ఆ పొద్దు నీళ్లియ్యబాకన్నది నేను. ఆ ఒక్క మాట తప్ప ఇన్నాళ్లూ నువ్వేమీ అనలేదు. నన్ను తిట్టు మే, ఒక్కసారన్నా తిట్టు" అంటూ అమ్మ చెయ్యి పట్టుకుని తన చెంపల మీద కొట్టుకుంది. అమ్మ తిట్టలేదు. అవ్వ ఒళ్లో తల పెట్టుకుని, సామేలు పోయినప్పుడు కూడా రాని గొంతుతో ఏడ్చింది. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. ఎవరూ లేవదియ్యలేదు.

ఆ పడిపోయిన చెట్టు కొమ్మే ఒకటి కొట్టి అవ్వ తన చేత్తో అదే గుంతలో నాటింది. ఈసారి అమ్మ పొద్దున ఒక్క పూటే పోసింది. రెండు ఎండాకాలాలు గడిచాక, ఎవరూ అడగకముందే అయ్యగారికి తనే కబురు చేసింది. ఆఖరి కడవ పోసింది. బోర్లించేటప్పుడు కడవ అంచు ఇసకలో ఒక పక్కకే దిగింది, మళ్లీ ఎత్తి సరిచేసింది. లేచి నిలబడి, ఎవరినో దారి అడిగినట్టు అడిగింది.

"రేపు పొద్దున లేచి నేనేం చెయ్యాల అత్తా?"

అవ్వ నావైపు చెయ్యి చూపించింది. "అదుగో, ఆ పిల్ల తల చూడు. పిట్ట గుడ్లు పెట్టేటట్టుండాది."

మర్నాడు పొద్దున పొగ వాసనకి నేను కళ్లు తెరిచేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. పక్కన ఆముదం గిన్నె, చేతిలో దువ్వెన. "ఇట్రా మే, జడేస్తా" అంది. నేను నమ్మలేదు. దగ్గరికి పోయి, మోకాళ్ల మధ్య కూర్చుని, ఇంకా నమ్మలేదు. చిక్కు లాగుతుంటే ప్రాణం పోతున్నంత నొప్పి. కానీ అబ్బా అంటే ఎక్కడ ఆపేస్తుందోనని పళ్లు బిగబట్టుకున్నాను. ఆ తర్వాతి వేసవిలో సామేలు చెట్టు ఆకులన్నీ రాల్చేసి మోడైంది. అమ్మ దొడ్డి దారి మానేసి చుట్టు తిరిగి పనికి పోయేది. రెండు వానలు పడ్డాక ఒకరోజు నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించింది. కణుపుకణుపుకీ చిగురు. నేనొక ఆకు కోసి బూర చేసి ఊదాను. అమ్మ భుజాలు కదిలాయి.

ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. తర్వాత ఎన్ని తుఫాన్లు వచ్చినా కదల్లేదు. మారింది మేమే. దొరువులు ఉన్నచోట ఇప్పుడు రొయ్యల గుంటలు, తవ్వితే ఉప్పునీళ్లు. నేను చెట్టుకి పోసే నీళ్లు కూడా క్యానులో కొనుక్కున్నవే. దొడ్డినిండా నీలం, ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెలు బోర్లా పడి ఉంటాయి. మట్టికడవ అయితే నాలుగు వానలకి పెంకులై ఇసకలో కలిసిపోయేది. దుఃఖం కూడా అలాగే కలిసిపోవాలని మా పెద్దవాళ్లు పెట్టుకుని ఉంటారు. ప్లాస్టిక్ ఎక్కడికి పోతుంది! నెల కూలికి మనిషిని పెట్టి పోయించేవాళ్లు, ఫోనులో వీడియో చూస్తూ బోర్లింపించేవాళ్లు కూడా ఉన్నారు. నేను వాళ్లని వెక్కిరించేదాన్ని. ఇప్పుడు వెక్కిరించడం లేదు. పద్ధతి తప్పినా, ఆపాల్సినచోట వాళ్లు ఆపుతున్నారు కదా. బడిపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన నేను ఆపలేకపోయాను.

మా అమ్మ పోయాక తన తలాపు చెట్టుకి నీళ్లు పోసిందీ నేనే, కడవ బోర్లించిందీ నేనే. అప్పుడు ఇంత కష్టం కాలేదు. ఇంటికి వస్తే ఆయన ఉన్నాడు కాబట్టి. ముత్తుకూరులో లారీలకి పంచర్లు వేసే షాపు ఆయనది. ఎంత తోమినా చేతుల్లో రబ్బరు వాసన పోయేది కాదు. నడినెత్తిన ఒక సుడి, ఎంత నూనె రాసినా అణిగేది కాదు, పొద్దున లేవగానే ఆ నిక్కబొడిచిన జుట్టుతో వచ్చి పొయ్యి దగ్గర నిలబడి కాఫీ అడిగేవాడు. మాకు పిల్లలు లేరు. షాపులో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సామేలు అడిగినట్టు నన్ను నీళ్లు అడగలేదు, నేను ఇవ్వనని అననూ లేదు. అయినా ఆయన తలాపున సామేలు చెట్టు కొమ్మ నాటి, పొద్దున లేచి ఆ కడవ ఎత్తితేనే నాకు పొద్దయినట్టు ఉండేది. అది కూడా తీసేస్తే నాకు ఇంకేం ఉందని? వదిన అడిగినప్పుడు నేను కసిరింది అందుకే.

కుండ దగ్గర నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి వదినకి ఇచ్చాను. ఎడంచేత్తో తాగింది. తాగి, "నిన్ను తొందర పెట్టడానికి కాదు మే. గాలివాన కాలం వస్తా ఉండాది. చెట్టు పడిపోతే వాడు ఇంకోసారి పోయినట్టే, నేను చూడలేను" అంది. అప్పుడు తెలిసింది, నొప్పి నీకా అని నేనడిగింది ఎవరినో.

సోమవారం సాయంత్రం ఇద్దరం పోయాం. నెల్లూరు నుంచి తెచ్చుకున్న మట్టికడవే నాది. అయ్యగారు చిన్న ప్రార్థన చేశారు. "నువ్వు బోర్లిస్తావా, నన్ను బోర్లించమంటావా?" అంది వదిన. నేనే బోర్లించాను. అమ్మకిలాగే నాకూ మొదట సరిగా కూర్చోలేదు. వస్తూ వస్తూ సామేలు చెట్టు కింద ఆగి, ఒక ఆకు కోసుకుని, ఊదకుండానే పమిట కొసలో ముడి వేసుకున్నాను. ఇంటికొచ్చాక మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

మర్నాడు అలవాటు చొప్పున తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. చెయ్యి కడవ కోసం మూలకి పోయింది. అక్కడ కడవ ఆనిన గుండ్రటి మరక ఒకటే ఉంది. ఏం చెయ్యాలో తోచక ఇంట్లో అటూ ఇటూ తిరిగి, తలుపు దగ్గరికి పోయాను. వదిన గడపలో కూర్చుని ఎడంచేత్తో తల దువ్వుకోవాలని చూస్తోంది. దువ్వెన నెత్తి మీదికి ఎక్కుతోంది గాని, వెనక్కి పోవడం లేదు. క్లిప్పు ఒళ్లో పడి ఉంది.

"ఇట్రా వదినా, జడేస్తా" అన్నాను.

"ముసలిదానికి నాకు జడేంది మే" అంటూనే జరిగి, నా మోకాళ్ల మధ్య కూర్చుంది. కొబ్బరినూనె చేతిలో వేసుకుని రాశాను. చిక్కు కింద నుంచి తీసుకుంటూ, పాయ పాయగా విడదీసుకుంటూ పైకి వచ్చాను. నెరిసిన జుట్టు, పలచబడిపోయింది. నడినెత్తికి వచ్చేసరికి దువ్వెన ఆగింది. అక్కడ ఒక సుడి ఉంది. అదే చోట, అదే తిరుగుడు, నూనె రాసినా అణగకుండా నిక్కబొడుచుకుని ఉంది. ఇన్నేళ్లలో వదిన నెత్తి ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు నేను.

"ఏమ్మే, ఆగిపోయినావు? చిక్కా?" అంది వదిన.

"చిక్కే వదినా," అన్నాను. "కదలకుండా కూచో."